మూసేసే ముందు ఒక్క మాట చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

నేను నరసరావుపేటలో ఇరవై ఆరేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. మా వ్యాపారంలో మందు ఎంత ముఖ్యమో, దానికి సరైన బిల్లు, సరైన లెక్క కూడా అంతే ముఖ్యం. ఆ లెక్క చూసే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసి అమ్మిన చిన్న సంస్థ ఒకటి 2025లో చెప్పాపెట్టకుండా పలకడం మానేసింది. దాన్ని నమ్ముకున్న మాలాంటి దుకాణదారులు పడిన ఇబ్బందిని, అంతకంటే ఎక్కువగా ఆ ఇబ్బంది ఎంత తేలిగ్గా తప్పిపోయేదో, మీ పాఠకుల ముందు ఉంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. వాళ్లను నలుగురిలో నిలబెట్టాలన్నది నా ఉద్దేశం కాదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇలాంటి చిన్న సాఫ్ట్‌వేర్ల మీద ఆధారపడి నడుస్తున్న మందుల షాపులు, కిరాణా కొట్లు, రైసు మిల్లులు, ప్రైవేటు బడులు ఎన్నో ఉన్నాయి కాబట్టి, తయారుచేసేవాళ్లూ కొనేవాళ్లూ ఇద్దరూ ఆలోచించుకోవలసిన సంగతి ఇది.

మా షాపులోకి కంప్యూటర్ 2011లో వచ్చింది. అప్పుడు సాఫ్ట్‌వేర్ పెట్టిన ఇద్దరు యువకులు మోటార్ సైకిల్ మీద వచ్చి, మేం రాత్రి పదింటికి షట్టర్ దించాక లోపలే కూర్చుని, వరసగా మూడు రాత్రులు ర్యాకు ర్యాకూ చూసి మందుల పేర్లు, బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ తేదీలు ఎక్కించారు. మొదట పన్నెండు వేలు ఇచ్చాం, ఆ తర్వాత ఏటా మూడు వేలు ఏఎంసీ, అంటే ఏడాది నిర్వహణ రుసుము. రసీదు ముక్క తప్ప ఒప్పంద పత్రమంటూ ఏమీ రాసుకోలేదు, రాసుకోవాలన్న ఆలోచనే మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు. 2017 జూన్ 30 రాత్రి, తెల్లారితే జీఎస్టీ అమల్లోకి వస్తుందనగా, వాళ్లు మా షాపులో పని ముగించుకుని లేచేసరికి రెండు గంటలు దాటింది. వాళ్లకు అప్పటికింకా మరో రెండు షాపులు మిగిలే ఉన్నాయి. అంత రాత్రి మా ఆవిడ ఇంటి దగ్గర నుంచి ఫ్లాస్కులో టీ పంపింది. ఊళ్లో ఎవరైనా కొత్తగా మందుల షాపు పెడుతున్నామంటే ఆ సాఫ్ట్‌వేరే తీసుకోమని నేను నోరారా చెప్పేవాణ్ని. అలా నా మాట మీద కొన్నవాళ్లు నలుగురున్నారు. ఈ ఉత్తరం రాయడానికి ఆ నలుగురి ముఖాలు కూడా ఒక కారణం.

2025 మార్చి ఆఖరులో మొదటి తేడా కనబడింది. మా సాఫ్ట్‌వేర్‌కు ఏటా ఏప్రిల్ ఒకటిన కొత్త ఆర్థిక సంవత్సరం తెరవడానికి వాళ్లు ఒక కీ పంపాలి. అది ఎప్పుడూ మార్చి 30కే వచ్చేది. ఆ ఏడాది ఏప్రిల్ 5న వచ్చింది. ఆలస్యం ఎందుకయిందో ఒక్క మాట లేదు, పదహారు అంకెల కీ తప్ప. ఐదు రోజుల బిల్లులు చేత్తో రాసి తర్వాత ఎక్కించుకున్నాం. మే నెల నుంచి ఫోన్ మోగేది కానీ ఎత్తేవారు కాదు. జూలైకి స్విచ్చాఫ్. వాట్సాప్ గ్రూపులో నూట ముప్పైమందిమి దాకా ఉండేవాళ్లం. వాళ్ల వైపు నుంచి వచ్చిన చివరి సందేశం మే 9 నాటిది: ఏఎంసీ కట్టనివారు దయచేసి కట్టగలరని. ఆ సందేశం కింద రోజూ ఎవరో ఒకరు ‘సార్, ఫోన్ ఎత్తండి’ అని రాస్తూ పోయారు.

అయినా రోజువారీ బిల్లింగ్ నడుస్తోంది కదా అని ఊరుకున్నాం. సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన చిక్కే అది. ఫ్రిజ్జు చెడితే ఆ పూటే తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ చేసినవాడు వెళ్లిపోయినా అది నిన్నటిలాగే నడుస్తూ ఉంటుంది, బయటి లోకంలో ఏదైనా మారేదాకా.

ఆ మార్పు 2025 సెప్టెంబర్ 3న వచ్చింది. జీఎస్టీ మండలి 56వ సమావేశంలో 12 శాతం, 28 శాతం శ్లాబులు తీసేస్తూ నిర్ణయం తీసుకున్నారు. సెప్టెంబర్ 22, దసరా నవరాత్రుల మొదటి రోజు నుంచి అమలు. 12 శాతంలో ఉన్న మందులు దాదాపు అన్నీ 5 శాతానికి వచ్చాయి, ముప్ఫై మూడు ప్రాణరక్షక మందుల మీద పన్ను పూర్తిగా పోయింది, మేం మందులతోపాటు అమ్మే సబ్బులు, టూత్‌పేస్టులు 18 నుంచి 5కు దిగాయి. జనానికి ఎంతో మేలు చేసిన నిర్ణయం అది, అందులో రెండో మాట లేదు. అయితే అప్పటికే షాపుల్లో ఉన్న స్టాకును వెనక్కి పంపి కొత్త ధర ముద్రించనక్కర్లేదని, కంపెనీలు సవరించిన ధరల జాబితా ఇస్తే ఆ ధరకే షాపువాళ్లు అమ్మాలని మందుల ధరలు చూసే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ చెప్పింది. అంటే పెట్టె మీద 112 రూపాయలని ముద్రించి ఉన్న మందును మేం 105కు బిల్లు చేయాలి. పెట్టె మీది ధర ఒకటి, బిల్లు మీది ధర ఇంకొకటి. ఆ తేడాను సరిగ్గా చూపించవలసింది సాఫ్ట్‌వేరే.

మా దాంట్లో 5 శాతం గ్రూపు లేకపోలేదు. కానీ ఒక్కో మందును తెరిచి ఒక గ్రూపులోంచి ఇంకో గ్రూపులోకి మార్చాలి. అన్నింటినీ ఒకేసారి మార్చే మెనూ వాళ్ల పాస్‌వర్డు కింద ఉంది. కొన్న స్టాకు ఒకసారి ఎక్కించాక బ్యాచ్ ఎమ్మార్పీ దిద్దడానికి వీల్లేకుండా కూడా కట్టారు. పనివాళ్లు ధరలు తారుమారు చేయకుండా ఉండాలని 2013లో ఆ తాళం వేయించుకున్నది మేమే, అందుకు వాళ్లను తప్పుపట్టను. షాపులో నాలుగు వేల పైచిలుకు ఐటెములున్నాయి. మా అబ్బాయీ, కౌంటర్ కుర్రాడూ కూర్చుని గంటకు యాభై, అరవై చొప్పున మారుస్తుంటే ఇరవై రెండో తేదీ వచ్చేసింది.

ఆ సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు ఒక పెద్దావిడ వచ్చింది. నెలనెలా బీపీకి, షుగరుకు మందులు మా దగ్గరే తీసుకుంటుంది. రేట్లు తగ్గాయని టీవీలో విన్నానంది, ముందురోజే డబ్బు లెక్కపెట్టుకుని కొంగున ముడివేసుకుని వచ్చింది. బిల్లు కొడితే పాత ధరే వచ్చింది. నేను కాలిక్యులేటర్ మీద కొత్త ధర చూసి, కంప్యూటర్ బిల్లు మీద పెన్నుతో కొట్టేసి, పక్కన అంకె రాసి, ‘ఇదిగో అమ్మా, నీకు ఇంత తగ్గింది’ అన్నాను. ఆవిడ ఆ కాగితం వంక చాలాసేపు చూసింది. ‘కంప్యూటర్‌లో ఒకటి, చేత్తో ఒకటి ఏంది నాయనా’ అని అడిగింది. ఇరవై ఏళ్లుగా నన్నెరిగిన మనిషి అలా అడగడం ఇదే మొదటిసారి. వెనక ఏడెనిమిదిమంది నిలబడి ఉన్నారు, అందరి చూపూ ఆ కాగితం మీదే ఉంది.

ఆ రోజు నేను పూర్తిగా అర్థం చేసుకున్నది ఏమిటంటే, సాఫ్ట్‌వేర్ సంస్థకూ నాకూ మధ్య తెగిన నమ్మకం అక్కడితో ఆగదు. అది నాకూ నా దగ్గరికి వచ్చే మనిషికీ మధ్య ఉన్న నమ్మకం దాకా పాకుతుంది. ఆవిడకు ఆ సంస్థ ఉందని కూడా తెలియదు. ఆవిడ దృష్టిలో లెక్క తప్పింది నేనే.

మౌనం ఇంకొక పని కూడా చేస్తుంది. చెప్పేవాడు చెప్పకపోతే ఆ ఖాళీని ఊహలు నింపుతాయి. మా వాట్సాప్ గ్రూపులో ఆ రెండు మూడు నెలల్లో ఎన్ని మాటలు పుట్టాయో రాయడానికే బాధగా ఉంది. ఏఎంసీ డబ్బు మూటగట్టుకుని పోయారన్నారు, మన సేల్స్ వివరాలు ఎవరికో అమ్మేశారన్నారు, సాఫ్ట్‌వేర్‌లో ఏదో పెట్టారు, కంప్యూటర్లు ఆగిపోతాయన్నారు. వీటిలో ఏ ఒక్కటీ నిజం కాదని తర్వాత తేలింది. ఇది మన దగ్గరే జరిగేది కూడా కాదు. కంప్యూటర్‌లోని ఫైళ్లకు తాళం వేసుకోవడానికి ప్రపంచమంతటా వాడిన ట్రూక్రిప్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను దాని కర్తలు 2014 మే 28న ఉన్నట్టుండి ఆపేశారు. ఇది వాడటం క్షేమం కాదు, సరిచేయని లోపాలు ఉండవచ్చు అని తమ సైట్‌లో నాలుగు ముక్కలు రాసి తప్పుకున్నారు. ఎవరో, ఎందుకు ఆపారో సరిగా చెప్పలేదు. ప్రభుత్వాల ఒత్తిడి అని, లోపల దొంగదారి ఉందని పుకార్లు వ్యాపించాయి. నిపుణులు విరాళాలు పోగుచేసి ఆ కోడ్‌ను తనిఖీ చేయించగా, కావాలని పెట్టిన దొంగదారి ఏదీ లేదని 2015 ఏప్రిల్‌లో తేలింది. పది నెలల అనుమానానికి మూలం ఎవరూ సరైన సమాధానం చెప్పకపోవడమే.

అక్టోబర్ మొదటి వారంలో నేను బస్సెక్కి వాళ్ల ఆఫీసుకు వెళ్లాను. మేడ మీద గది, తలుపుకు తాళం, కింద టైలర్ షాపతను ఖాళీ చేసి నాలుగు నెలలయిందన్నాడు. అతనే ఒకరి ఇంటి ఆచూకీ చెప్పాడు. వెళ్తే ఆ అబ్బాయి నన్ను చూసి గుమ్మంలోనే తల దించుకున్నాడు. భాగస్వామి హైదరాబాదులో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడట. ఇతని తండ్రికి కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్. పగలంతా ఆస్పత్రి, రాత్రి కోడ్ ముందు కూర్చుందామంటే కళ్లు మూతలు పడతాయి. మొదట ఒక రోజు ఫోన్ ఎత్తలేదు, మర్నాడు ఎత్తడానికి మొహం చెల్లలేదు, వారానికి ముప్ఫై మిస్డ్ కాల్స్ చూసేసరికి భయం వేసి సిమ్ము తీసేశాడు. ‘అంకుల్, రేపు బాగుచేసి అందరికీ చెబుదామనుకుంటూ నెలలు గడిచిపోయాయి’ అన్నాడు. నేను మందులు అమ్మేవాణ్ని, డయాలసిస్ ఇంటిని ఎలా తినేస్తుందో రోజూ చూస్తున్నవాణ్ని. నాకు నోట మాట రాలేదు.

కానీ ఇంటికి వచ్చే బస్సులో కూర్చున్నాక ఒక సంగతి మనసులో పదేపదే తిరిగింది. అదే మాట మే నెలలో గ్రూపులో రాసి ఉంటే? ‘మా నాన్నగారికి బాగోలేదు, నేను ఒక్కణ్నే మిగిలాను, ఇక కొత్త మార్పులు చేయలేను, ఇదిగో పాస్‌వర్డు’ అని రెండు వాక్యాలు రాసి ఉంటే? నూట ముప్పైమందిలో తిట్టేవాళ్లు నలుగురో ఐదుగురో ఉండేవారు. మిగతావాళ్లం అతని తండ్రి మందులకు మా దగ్గర నుంచే సాయం చేసేవాళ్లం. తలా కొంత వేసుకుని వేరే ప్రోగ్రామర్‌ను పెట్టుకునేవాళ్లం. అతిశయోక్తి కాదు ఇది. అమెరికాలో ఇళ్లలో దీపాలనూ స్విచ్చులనూ ఫోనుతో నడిపే పరికరాలు అమ్మిన ఇన్‌స్టియాన్ అనే సంస్థ 2022 ఏప్రిల్‌లో ముందుమాట లేకుండా సర్వర్లు ఆపేసింది. వివరణ ఇచ్చింది రోజులు గడిచాక. ఆ తర్వాత జూన్‌లో దాన్ని కొనుక్కుని సర్వర్లను మళ్లీ నిలబెట్టింది ఎవరంటే, ఆ పరికరాలు ఇళ్లలో పెట్టుకున్న వినియోగదారులే కొందరు. వాడేవాళ్లకు వస్తువు మీద ఉండే మమకారం అమ్మేవాళ్లు ఊహించేదానికంటే ఎక్కువ. ఆ మమకారం పనికిరావాలంటే సంగతి చెవిన పడాలి కదా.

మాట చెప్పడం అంటే ఎలా ఉంటుందో కూడా అదే సెప్టెంబర్‌లో చూశాను. మాకు మందులు వేసే స్టాకిస్టు ఒకాయన వేరే చిన్న సంస్థ సాఫ్ట్‌వేర్ వాడతాడు. అక్కడ పనిచేసేదీ ముగ్గురే. సెప్టెంబర్ 4 పొద్దున్నే వాళ్ల సందేశం వచ్చింది: రేట్లు మారాయి, నోటిఫికేషన్ వచ్చాకే మార్పు చేయగలం, అప్పటిదాకా ఎవరూ ఏమీ మార్చకండి అని. 17న ప్రభుత్వ నోటిఫికేషన్ వెలువడింది. ఆ రాత్రే ఇంకో సందేశం: 20వ తేదీ సాయంత్రానికి అప్‌డేట్ ఇస్తాం. 20 సాయంత్రం మరొకటి: కాలేదు, రిటర్న్ బిల్లుల దగ్గర లెక్క తప్పు వస్తోంది, రేపు మధ్యాహ్నం. 21 ఆదివారం సాయంత్రం ఐదింటికి ఇచ్చారు. చెప్పిన గడువు రెండుసార్లు దాటింది. అయినా స్టాకిస్టు నాతో ‘వాళ్లున్నారులే’ అన్నాడు. ఆ ‘వాళ్లున్నారులే’ అన్న మాట కోసమే కదా మేం ఏటా ఏఎంసీ కట్టేది. పని ఆలస్యమవడం నమ్మకాన్ని పోగొట్టదని, ఆలస్యాన్ని దాచడమే పోగొడుతుందని అక్కడ కళ్లారా చూశాను.

ఇక డేటా సంగతి. మేం కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారదామనుకున్నప్పుడు అసలు కష్టం మొదలైంది. పాతదాంట్లో ‘ఎక్స్‌పోర్ట్’ అన్నది లేదు. స్టాకు రిపోర్టు ప్రింటు తీసుకోవచ్చు, అంతే. పద్నాలుగేళ్ల లెక్కలు, ఏ బ్యాచ్ ఏ నెలలో ఎక్స్‌పైరీ అవుతుందో, ఏ స్టాకిస్టుకు వెనక్కి పంపిన సరుకుకు క్రెడిట్ నోటు రావాలో, ఎవరు ఎంత ఖాతా బాకీ ఉన్నారో, అన్నీ ఆ డబ్బాలోనే ఉండిపోయాయి. ఇంజనీరింగ్ చదువుతున్న మా చెల్లెలి కొడుకు సెలవులకు వచ్చి సాఫ్ట్‌వేర్ ఫోల్డర్ తెరిచి చూస్తే లోపల ఫైళ్లన్నీ డీబీఎఫ్ రకంవి, అంటే ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కాలం నాటివి. ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీసులో ఒకదాన్ని తెరిస్తే వరసల వరసలుగా మందుల పేర్లు, బ్యాచ్‌లు, తేదీలు తెర మీద కనబడ్డాయి. ఆ క్షణంలో నాకు కలిగిన ఊరట మాటల్లో చెప్పలేను. పద్నాలుగేళ్లుగా నా డేటా నా షాపులోనే, నా కంప్యూటర్‌లోనే, చేయి చాస్తే అందేంత దగ్గరలో ఉంది. అలా తెరవవచ్చని ఒక్క ముక్క చెప్పేవాళ్లు లేక రెండు నెలలు నిద్ర పట్టలేదు. మాది అలా తెరుచుకుంది గానీ అందరివీ అలా తెరుచుకోవు. లాక్ చేసిన డేటాబేసులున్నాయి, మొత్తం సంస్థ సర్వర్‌లోనే ఉండేవీ ఉన్నాయి.

లెక్కలు పోతే పోయాయనుకోవడానికి చట్టం ఒప్పుకోదు. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం ఆ ఏటి వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు పుస్తకాలు, రికార్డులు భద్రపరచాలి. రిటర్ను గడువే తర్వాతి డిసెంబర్ 31 కాబట్టి, బిల్లు పుట్టిన రోజు నుంచి లెక్కేస్తే ఆరున్నరేళ్లకు పైమాటే. షెడ్యూల్ హెచ్1 మందులు, అంటే కొన్ని రకాల యాంటీబయాటిక్స్, టీబీ మందులు, మత్తు కలిగించే మందులు అమ్మితే డాక్టర్ పేరు, రోగి పేరు, ఎంత ఇచ్చామన్నది విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. చాలామందిమి దాన్నీ కంప్యూటర్ నుంచే తీస్తున్నాం. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి అడిగితే సాఫ్ట్‌వేర్ చేసినాయన ఫోన్ ఎత్తడం లేదని చెప్పడం జవాబు అవుతుందా? పైగా ఆ ఫైళ్లలో ఉన్నది నా ఒక్కడి సంగతి కాదు. ఏ ఇంట్లో ఎవరికి ఏ జబ్బో, ఏ మందు ఎన్నాళ్లుగా వాడుతున్నారో, ఫోన్ నంబర్‌తో సహా ఉంది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, పని ఇంకొకరికి అప్పగించినా సేకరించినవాడిదే బాధ్యత అంటోంది. ‘క్లౌడ్ బ్యాకప్’ పేరుతో ఆ వివరాలు ఏ సర్వర్‌లో ఉన్నాయో, సంస్థ మూతపడ్డాక వాటిని ఎవరు చెరిపేస్తారో నాకు ఒక్కరూ చెప్పలేదు. నేనూ అడగలేదు, అది నా తప్పే.

పెద్దవాళ్లకు ఈ ప్రమాదం తెలుసు, జాగ్రత్తా పడ్డారు. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంక్ ఆదేశాల ప్రకారం బ్యాంకులు తమ కీలక సాఫ్ట్‌వేర్లకు మూల కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రామును, అమ్మినవాళ్ల దగ్గర తీసుకోవాలి, అది కుదరకపోతే ఒక మూడో సంస్థ దగ్గర ఆ కోడ్‌ను దాచి ఉంచే ఏర్పాటో, అలాంటి మరో రక్షణో చేసుకోవాలి. అమ్మినవాళ్లు మాయమైతే దాచినవాళ్లు తాళం తీసి ఇస్తారు. పొలం కాగితాలు పెద్దమనిషి దగ్గర ఉంచడం మన పల్లెల్లో పాత అలవాటే. మూడు వేల ఏఎంసీ కట్టే మందుల షాపు ఒంటరిగా ఇంత ఏర్పాటు చేసుకోలేదు, నిజమే. కానీ ఒక పట్టణంలోని మందుల వ్యాపారుల సంఘమంతా కలిసి ఒక చిన్న సంస్థతో మాట్లాడుకుంటే ఎందుకు కుదరదు? కోడ్ ఉన్న పెన్‌డ్రైవును సీలు వేసి సంఘం బీరువాలో పెట్టి, సంస్థ తొంభై రోజులు పలకకపోతే తెరవవచ్చని ఒక పేజీ ఒప్పందం రాసుకోవడానికి ఎక్కువ ఖర్చేమీ కాదు.

సాఫ్ట్‌వేర్ చేసే తమ్ముళ్లకు నేను చెప్పేది ఇంతే. మీరు చిన్నవాళ్లని మాకు తెలిసే కొన్నాం. మీకు జబ్బులు వస్తాయి, పెళ్లిళ్లు అవుతాయి, మంచి ఉద్యోగాలు వస్తాయి, ఒకనాడు ఆపేయాలనిపిస్తుంది. ఆపేయండి, ఎవరూ కాదనరు. కానీ ఆ నిర్ణయం మీకు తెలిసిన రోజే మాకూ తెలియాలి. వీలైతే మార్చి 31కి ముందు మూడు నెలలు గడువు ఇవ్వండి, ఎందుకంటే మా పుస్తకాలు అప్పుడే ముగుస్తాయి, ఏడాది మధ్యలో మారడం నరకం. వెళ్లేటప్పుడు ఏటేటా కీ అడగని ఆఖరి వెర్షన్ ఒకటి ఇచ్చి వెళ్లండి. డేటా మొత్తం మామూలు ఎక్సెల్ ఫైళ్లుగా బయటికి తీసే బటన్ ఒకటి పెట్టండి. అసలు అది మొదటి రోజు నుంచే ఉండాలి, వెళ్లే రోజు కోసం ఆగకూడదు. పన్ను శాతాలు మేమే మార్చుకునేలా ఉంచండి, ప్రభుత్వం ఎప్పుడు మారుస్తుందో మీకూ తెలియదు, మాకూ తెలియదు. మీ దగ్గర ఉన్న మా బ్యాకప్పులు చెరిపేశామని రాతపూర్వకంగా చెప్పండి. ఇవేవీ చేయలేని స్థితిలో ఉంటే, చేయలేకపోతున్నామన్న ఆ ఒక్క మాటే పంపండి. బాగుచేశాక చెబుదామని ఆగకండి. ఆ ఆగడంలోనే అంతా పాడవుతోంది.

మా వైపు తప్పులు లేవనను. నూట ముప్పైమందిలో ఏఎంసీ సమయానికి కట్టింది సగంమంది కూడా కాదని ఆ అబ్బాయి చెప్పాడు, నాకు సిగ్గనిపించింది. మూడు వేలు ఇచ్చి ఆదివారం రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుందని అడిగినవాళ్లం మేమే. కొనేటప్పుడు డెమోలో రంగులు, రిపోర్టులు చూశాం గానీ, ‘రేపు మీరు లేకపోతే నా డేటా నేనెలా తీసుకోవాలి’ అని అడిగిన దుకాణదారు నాకు తెలిసి ఒక్కరూ లేరు. ఇప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ వాళ్లను మొట్టమొదట అదే అడిగాను. ముగ్గురిలో ఇద్దరు మాట దాటేశారు. మూడోవాడు అక్కడికక్కడే మెనూ తెరిచి, స్టాకు మొత్తం ఎక్సెల్‌లోకి దించి, ఆ ఫైలు నా పెన్‌డ్రైవులో వేసి చేతికిచ్చాడు. వాడి దగ్గరే తీసుకున్నాను, మిగతావాటికంటే రేటు రెండు వేలు ఎక్కువైనా సరే. నా మాట మీద పాతది కొన్న నలుగురి షాపులకూ వెళ్లి, మా చెల్లెలి కొడుకు చేత వాళ్ల ఫైళ్లు కూడా తీయించి ఇచ్చాను.

ఆ అబ్బాయి అక్టోబర్ 20న, దీపావళి రోజున, గ్రూపులో మళ్లీ రాశాడు. క్షమించమని, సాఫ్ట్‌వేర్ ఆపేశానని, పాస్‌వర్డు ఇదని, డేటా ఎలా తీసుకోవాలో ఒక పేజీ. ఐదు నెలలు తిట్టిన గ్రూపులో ఆ రాత్రి ఒక్కరు కూడా మాట తూలలేదు. ‘నాన్నగారికి ఎలా ఉంది’ అని అడిగారు.

మా షాపు మూలన పాత కంప్యూటర్ ఇప్పటికీ ఉంది. 2025-26లో దాని మీద కొట్టిన బిల్లుల కోసం 2032 డిసెంబర్ 31 దాకా దాన్ని నడిచే స్థితిలో ఉంచుకోవాలి. నెలకొకసారి ఆన్ చేసి, ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూసి, మరో కాపీ తీసి పెట్టుకుంటున్నాను. మా జిల్లా మందుల వ్యాపారుల సంఘం వచ్చే సమావేశంలో ఆ ఒక పేజీ ఒప్పందం మాట పెడతాను. ఇతర పట్టణాల్లో ఇప్పటికే ఎవరైనా అలాంటిది రాసుకుని ఉంటే, దాని నమూనాను మీ పత్రిక ద్వారా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
నరసరావుపేట, పల్నాడు జిల్లా.